జర్మనీ రేజరూ, రెండు బ్రష్షులూ

ఏలూరు కాలువల ఆఫీసులో గుమాస్తా ఉమామహేశ్వరరావుకి సంధ్యావందనం మీద కంటే గడ్డం గీసుకోవడం మీదే నిష్ఠ ఎక్కువని వాళ్ళమ్మ విసుక్కునేది. అందులో అబద్ధం లేదని ఆయన భార్య సత్యవాణికి తెలుసు. ఆ రోజుల్లో వాళ్ళ వీధిలో మగవాళ్ళు తిథీ వారమూ చూసుకుని, మంగలి వచ్చిన నాడు అరుగు మీద తల వంచుకుని కూర్చునేవారు. మిగతా రోజుల్లో ఎవరి గడ్డం ఎంత మాసినా ఎవరికీ పట్టేది కాదు. ఈయన మాత్రం మంగళవారమైనా అమావాస్యైనా పొద్దున్నే కిటికీ చువ్వకి అద్దం తగిలించి, సబ్బు నురగ పట్టించుకుని, అరగంట సేపు లోకాన్ని మరిచిపోయేవాడు.

ఈ అలవాటు కొల్లేటి ఒడ్డున అబ్బింది. పెళ్ళైన కొత్తలో ఆయన్ని అటు పక్క ఒక ఊరికి వేశారు. వానాకాలం వస్తే చుట్టూ నీళ్ళే. మంగలి దోనె ఎక్కి ఎప్పుడొస్తాడో తెలియదు. దురద భరించలేక ఓవర్సీరుగారి పాత సేఫ్టీ రేజరు అడిగి తెచ్చుకున్నాడు. ఇక వదల్లేదు.

పందొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం వేసవికి ఆ రేజరు పిడి మర అరిగిపోయింది. ఎంత బిగించినా బ్లేడు ఓ పక్కకి ఒరిగేది. కొత్తది కొనాలి. ఏది కొనాలన్నది తేలడానికి నెల పైన పట్టింది. ఆఫీసు నుంచి వస్తూ బజారులో మాణిక్యం షాపు మెట్లెక్కడం, అక్కడున్న మూడు రేజర్లనూ చేతిలో పట్టుకుని తూచడం, బ్లేడు లేకుండా చెంప మీద ఆనించి చూసుకోవడం, మళ్ళీ రేపొస్తానని దిగిపోవడం. ఇంటికొచ్చాక భోజనాల దగ్గర అదే మాట.

"ఇంగ్లీషుది మెరుపు బాగుంది గానీ పిడి పొట్టి. తడిచేతికి జారుతుంది. ఇంకోటి ఉంది, అడుగున తిప్పితే పైన తలుపుల్లా తెరుచుకుంటుంది. ముచ్చటగానే ఉంటుంది, సబ్బు పట్టిందంటే ఆ తలుపులు బిగుసుకుపోతాయి. జర్మనీది వేరు. బ్లేడు కింద దువ్వెన పళ్ళు. మంచి బరువు. మనం నొక్కక్కర్లేదు, దాని బరువుకి అదే దిగుతుంది."

"గొంతు మీద దిగేదానికి బరువెందుకండీ?" అంది సత్యవాణి, చారు వడ్డిస్తూ.

"బరువున్నదానితో తెగదు. నొక్కితేనే తెగుతుంది."

ఆమెకి ఆ మాట నచ్చలేదు.

చివరికి జర్మనీదే కొన్నాడు. రేజరు గురించి అంత ఆలోచించిన మనిషి బ్రష్షు గురించి క్షణం కూడా ఆలోచించలేదు. పాతది కుచ్చు ఊడిపోతోందంటే, కొత్త సరుకు వచ్చిందండీ, చవక, అని మాణిక్యం గల్లా పక్కనున్న పెట్టెలోంచి తీసిచ్చాడు. ఆయన రెండు తీసుకున్నాడు. ఒకటి తనకి. రెండోది తాడేపల్లిగూడెంలో ధాన్యం మిల్లులో పనిచేసే బావమరిది ప్రసాదరావుకి. వాడూ ఈ దారికి రావాలన్న కోరికతో దాన్ని వెంటనే పార్సెల్లో పంపించాడు.

మర్నాడు పొద్దున సత్యవాణి వేణ్ణీళ్ళు తెచ్చి కంచు గిన్నెలో పోసింది. ఆయన బ్రష్షు ముంచాడు. వేడి తగలగానే గదంతా ఒక వాసన లేచింది. వానకి తడిసిన పశువుల సావిడి వాసన.

"అదేమిటండీ, ఆ కంపు?"

"కొత్తది కదా. రెండు రోజులు నానితే పోతుంది."

పోలేదు. ఆయన మాత్రం రేజరు సంబరంలో ఉన్నాడు. అనుకున్నట్టే అది దాని బరువుకి అదే దిగుతోంది. చెంప నిమురుకుని చూసుకునేవాడు, ఆమెని కూడా చూడమనేవాడు. అలా పది పన్నెండు రోజులు గడిచాయి. ఒకనాడు ఆఫీసు తొందరలో దవడ కింద చిన్న గీత పడింది. పటిక రాసుకుని వెళ్ళిపోయాడు.

రెండు రోజులకి ఆ చోట చిన్న పొక్కు లేచింది. దోమ కుట్టిందన్నాడు. ఆ పొక్కు చుట్టూ ముత్యాల్లా మరికొన్ని నీటిపొక్కులు వచ్చాయి. నడుమ చర్మం ముందు గోధుమరంగుకి, తరవాత నలుపుకి తిరిగింది. బొగ్గు ముక్క అంటించినట్టు. అత్తగారు పసుపు పెట్టింది, వేపాకు నూరి పట్టు వేసింది. దవడ వాచింది. వాపు మెడలోకి దిగింది.

"నొప్పిగా ఉందా?" అని సత్యవాణి గంటకోసారి అడిగేది.

"అస్సలు లేదు. నొక్కినా లేదు."

అదే ఆమెని భయపెట్టింది. ముల్లు గుచ్చుకుంటే నొప్పి. సెగ్గడ్డ వస్తే నొప్పి. మనిషి మొహం సగం నల్లబడి వాస్తుంటే నొప్పి లేకపోవడమేమిటి? ఆయన ఆ మచ్చని తప్పించి, మిగతా చెంపని అదే బ్రష్షుతో, అదే రేజరుతో గీసుకుంటూనే ఉన్నాడు. జ్వరం వచ్చి కాళ్ళు తేలిపోయిన రోజున ఆమె ఎవర్నీ అడక్కుండా జట్కా పిలిపించి ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరు జ్ఞానయ్య పెద్దాయన. మాట మెల్లగా ఉండేది. మచ్చ చుట్టూ నొక్కి చూశాడు.

"మీ ఇంట్లో పశువులున్నాయా?"

"లేవండి," అన్నాడు ఉమామహేశ్వరరావు.

"తోళ్ళ వ్యాపారం చేసేవాళ్ళతో రాకపోకలున్నాయా? తివాచీల ఉన్ని దులిపే మనిషికి ఇలాంటిది ఒకసారి చూశాను. మీరేమో గుమాస్తా."

సత్యవాణి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పరాయి మగవాళ్ళ ముందు నోరు విప్పే అలవాటు ఆమెకి లేదు. అయినా విప్పింది.

"గడ్డం గీసుకునే బ్రష్షండీ. తడిపితే సావిడి వాసన వస్తుంది."

డాక్టరు చేతిలో కలం కింద పెట్టేశాడు. "దాన్ని చేత్తో ముట్టుకోకుండా కాగితంలో చుట్టి తెప్పించండమ్మా. పశువులకొచ్చే దొమ్మ రోగం ఇది. శుద్ధి చెయ్యని వెంట్రుకల్లో ఏళ్ళ తరబడి దాగుంటుంది. చర్మం గీరుకున్న చోట లోపలికి పోతుంది. మద్రాసు నుంచి దీని విరుగుడు మందు, సీరం, తెప్పిస్తాను. రేపు మెయిలు బండిలో వస్తే..."

మంచం మీద ఉమామహేశ్వరరావు లేచి కూర్చోబోయాడు. వాచిన నోట్లోంచి మాట సరిగా రాలేదు. "రెండోది," అన్నాడు. ఆమెకి అర్థమైంది. బ్రష్షు వాడొద్దని ఆ పూటే ప్రసాదరావుకి టెలిగ్రాం వెళ్ళింది.

సీరం వచ్చింది. అది ఎక్కించిన పూటే ప్రసాదరావు కూడా రైలు దిగి ఆస్పత్రికి వచ్చాడు. వారం రోజుల గడ్డంతో ఉన్న తమ్ముడి మొహం చూసి సత్యవాణి వాడి దవడ పట్టుకుని అటూ ఇటూ తిప్పి వెతికింది. ఎక్కడా పొక్కు లేదు.

"నేను వాడలేదక్కా. మన మంగలే నయమనిపించింది. ముత్యాలరావుకి ఇచ్చేశాను."

"ఏ ముత్యాలరావురా?"

"కొల్లేట్లో నన్ను ధాన్యం ఊళ్ళకి దోనె మీద తిప్పుతాడే, అతను. పెళ్ళిచూపులకి వెళ్ళాలి, మీకెందుకండీ అది, నాకిచ్చెయ్యండి అన్నాడు. పాత రేజరు ఒకటి సంపాదించుకున్నాట్ట." వాడు అక్క మొహంలోకి, బావ మొహంలోకి మార్చి మార్చి చూశాడు. "ఏమైంది?"

ఉమామహేశ్వరరావు భార్యతో అన్నాడు, "వాడితో నువ్వు కూడా వెళ్ళు. నువ్వు ఈ మచ్చ మొదట్నుంచీ చూశావు. ఎంత చిన్నదైనా గుర్తుపడతావు. ఇక్కడ అమ్మ ఉంది."

అక్కా తమ్ముడూ బండి మీద వెళ్ళి, రేవులో దోనె మాట్లాడుకున్నారు. ఎండలకి కొల్లేరు వెనక్కి పోయి ఉంది. నీళ్ళ కంటే బురదే ఎక్కువ. దోనె తోసేవాడు మాటకారి, ముత్యాలరావు పేరు చెప్పగానే నోరు మూసేశాడు. ఊళ్ళోనూ అంతే. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు తల ఎత్తలేదు. ఒకడు గడ్డం ఎగరేసి చివరి గుడిసె వైపు చూపించాడు. దాని గుమ్మానికి వేపమండలు వేలాడుతున్నాయి. చుట్టుపక్కల ఒక్క పిల్లాడు కూడా లేడు.

లోపలి నుంచి ముత్యాలరావు తల్లి మరిడమ్మ వచ్చింది.

"మా వాడి కోసమొచ్చారా అండీ? పోయి నాలుగు రోజులైందండీ. మొహం కుండలా వాచిపోయింది. పెద్దింటమ్మ తల్లికి మొక్కు ఎగ్గొట్టానని ఊరంతా అంటున్నారు. నేనేమీ ఎగ్గొట్టలేదండీ. రేవులో నీళ్ళు కూడా ముంచుకోనివ్వడం లేదు."

ప్రసాదరావు ఏడవడం మొదలుపెట్టాడు. ఏమీ చెప్పకుండా వెనక్కి తిరగవచ్చు, చెప్పినా పోయినవాడు రాడు. ఆ ఆలోచన ఆమెకి వచ్చింది, పోయింది.

"బ్రష్షు ఏదమ్మా? గడ్డానికి నురగ పూసుకునేది."

మరిడమ్మ గూట్లోంచి తెచ్చింది. వాడు మురిపెంగా చూసుకున్న వస్తువని పారెయ్యలేకపోయిందట. రోజూ దాంతోనే అమ్మవారి పటం దుమ్ము దులుపుతోంది. కాగితం పట్టి దాన్ని అందుకోబోతూ సత్యవాణి ఆమె చేతిని చూసింది. చూపుడువేలి మొదట్లో నీటిపొక్కు. నడుమ ఇంకా నల్లబడలేదు.

ఊరివాళ్ళు పోగయ్యాక సత్యవాణి వాళ్ళందరి ముందూ చెప్పింది. "అమ్మవారి కోపం కాదు ఇది. ఈ బ్రష్షు మా ఆయన కొన్నది. ఇలాంటిదే ఇంకోటి వాడి మా ఆయనా ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు. మరిడమ్మ మీద ఏ తప్పూ లేదు." ఆరిన బురద మీద తాటాకులు పోగేసి, కిరసనాయిలు పోసి బ్రష్షుని కాల్చారు. ఆ పూటే మరిడమ్మని దోనె ఎక్కించారు.

ఏలూరులో డాక్టరుగారి మనుషులు మాణిక్యం దగ్గర మిగిలిన బ్రష్షులన్నీ పట్టుకుపోయారు. అమ్ముడుపోయినవి ఎవరి ఇళ్ళలో ఉన్నాయో మాణిక్యానికి సగం గుర్తులేదు. బజార్లో దండోరా వేయించారు. కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. ఆ ఏడంతా ఎవరికో మొహం వాచిందని తెలిస్తే సత్యవాణి చేస్తున్న పని ఆపి, ఎవరు, ఎక్కడ, అని అడిగేది.

ఉమామహేశ్వరరావు బతికాడు. నల్లమచ్చ పెచ్చుగా ఊడి, దవడ కింద గుంట మిగిలింది. లేచి నడవగలిగిన మొదటి రోజున ఆడవాళ్ళ వార్డు వరండాలో, చేతికి కట్టుతో కూర్చున్న మరిడమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆవిడే మాట్లాడింది.

"మూడు రోజులు గీసుకున్నాడండీ. దోనె మీద నుంచి నీళ్ళలోకి వంగి చూసుకుని, అమ్మా, దొరలా ఉన్నానా అన్నాడు. ఉన్నావురా అన్నాను."

ఆయన అడిగాడు. "పెళ్ళిచూపులకి రమ్మన్న ఆ ఆడపిల్ల వాళ్ళకి తెలుసా?"

"ఎవరు చెబుతారండీ? గణపవరం పక్కన ఊరు. ఇంకా మా వాడి కోసం ఎదురుచూస్తూనే ఉండి ఉంటారు."

ఆవిడ చెయ్యి మానాక, పెరిగిన గడ్డంతోనే, ఉమామహేశ్వరరావు ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్ళాడు.