తారి అవ్వ అద్దాల కుట్టు

తెలంగాణ కోసం చేసిన సకల జనుల సమ్మెలో మా బడికి తాళం పడింది. పొద్దున తొర్రూరు శిబిరంలో నినాదాలిచ్చి, మధ్యాహ్నం నేను తండాకు తిరిగొచ్చేసరికి మా పిల్లలు గేదెల మీద ఊరేగుతుండేవారు. పంతులునై ఉండి అది చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆ మంట చల్లార్చింది తారి అవ్వ.

అవ్వ లంబాడీ కుట్టులో చేయి తిరిగిన మనిషి. నోరు కూడా తక్కువేం కాదు. తండాలో ఆడవాళ్లంతా చీరల్లోకి మారినా, తాను మాత్రం అద్దాలూ గవ్వలూ కుట్టిన లంబాడీ లంగాను, అంటే ఫేటియాను, వదల్లేదు. కోడళ్లకు నేర్పబోతే ఎవరూ సూది పట్టలేదు. ఈ కుట్టు తనతోనే ఆగిపోతుందని ఆమెకు దిగులు. బడి మూతపడగానే దాని వరండాలోనే చాప పరిచి, ఆడా మగా చూడకుండా దొరికిన పిల్లలందరినీ కూర్చోబెట్టింది. బడి తెరిస్తే మళ్లీ దొరకరని ఆమె తొందర. కుట్టు వదులుగా ఉంటే మొహమాటం లేకుండా విప్పించేది. నా పాఠాలకు కునికే పిల్లలు ఆమె తిట్లకు కళ్లార్పకుండా కూర్చోవడం నాకు కొంచెం కడుపుమంటే.

అద్దాలు కుట్టే దగ్గరికి వచ్చేసరికి చిక్కొచ్చింది. బంద్ వల్ల తొర్రూరులో దుకాణాలు తెరవలేదు. ఇళ్లలో పగిలిన అద్దం ముక్కలుంటే పట్టుకురమ్మంది అవ్వ. పగిలినవి లేని పిల్లలు బుద్ధిగా, బాగున్నవాటినే పగలగొట్టి తెచ్చారు.

మర్నాడు తండ్రులు, అద్దం లేకుండా గీసుకున్న గడ్డాలతో, చెంపల మీద గాట్లతో వరండా ముందుకొచ్చారు. నేను నవ్వాపుకోలేక పక్కకు తిరిగాను. ముందు నిలబడ్డ జాల్యాకు మాత్రం నవ్వు రాలేదు. అతని కూతురు గీత గోడ అద్దాన్నే ముక్కలు చేసింది. రేపు తెలంగాణ వస్తే పిల్లలు చదివి కొలువులు చేయాలి గానీ ఈ కుట్టు ఎవరికి కావాలని, ఇక పంపేది లేదని తేల్చేశాడు. మిగతావాళ్లూ తలలూపారు.

అవ్వ లేచి ఇంటికి వెళ్లిపోయింది. అలిగిందనుకున్నాం. కాసేపటికి ఒక మూటతో వచ్చి విప్పింది. తన పెళ్లికి వాళ్లమ్మ కుట్టిచ్చిన ఫేటియా అది. తాను పోయిన రోజు ఒంటికి కట్టాలని దాచుకున్నదని తండా మొత్తానికీ తెలుసు. అవ్వ కత్తెర తీసి ఒక్కో అద్దం చుట్టూ దారం కోయసాగింది.

"యాడీ, గది ముట్టకు," అన్నాడు జాల్యా. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ; పెద్దావిడనూ అలాగే పిలుస్తారు.

అవ్వ చేయి ఆగలేదు. "నేను పోయిన్నాడు దీన్ని నాకు కడ్తరు. నాతోనే మట్టిల కలుస్తది. పోరగాండ్ల చేతులల్ల ఉంటే ఉంటది గద బిడ్డా."

జాల్యా గీతను పిలిచి అవ్వ పక్కన కూర్చోమన్నాడు. మిగతా తండ్రులు పిల్లలను చాప మీదే వదిలి ఇళ్లకు మళ్లారు. నాకు ఏడుపూ సంతోషమూ కలిసే వచ్చాయి.

సమ్మె ముగిసి బడి తెరిచాక, పాఠాలు వెనకబడ్డా సరే, హెడ్మాస్టర్ వెంకట్రాం శనివారం ఆఖరి పీరియడ్ అవ్వకిచ్చాడు. మొదటి శనివారమే గీత కుట్టు పూర్తిచేసి, ఆ గుడ్డను అవ్వ ఒళ్లో పెట్టింది. అవ్వ ప్రతి అద్దాన్నీ గోటితో లాగి చూసింది. ఒక్కటీ కదల్లేదు. తిట్టడానికేమీ దొరకక కాసేపు ఇబ్బంది పడింది.

"నాకెందుకు గిది? నీ చెల్లెను కూసోబెట్టుకొని నేర్పు," అంది చివరికి.

గీత చెల్లెలిని పిలిచి, సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది.