‘ఫైలు తీయండి’ అని రాసినప్పుడు

తొంభైల చివర్లో నారాయణఖేడ్‌లో మా అన్న ప్రెస్సులోకి కంప్యూటర్ వచ్చింది. సంగారెడ్డిలో కోర్సు చేసి వచ్చానని దాని ముందు కుర్చీ నాకు దక్కింది. పెళ్లిపత్రికలు, దుకాణాల బిల్లుపుస్తకాలు, కరపత్రాలు అన్నీ నేనే టైపు చేసేదాన్ని. ప్రూఫులు మా వదిన దిద్దేది. ఒక్క దీర్ఘం పోయినా ఆమె కంటబడకుండా ఉండేది కాదు. కంప్యూటర్‌ను మాత్రం ముట్టుకునేది కాదు.

ఒక వేసవిలో, మాకు తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ అమ్మిన హైదరాబాద్ డీలరు కొత్త వెర్షన్ ఫ్లాపీలు బస్సులో పంపాడు. కండక్టర్ దగ్గర కవరు అందుకుని బస్టాండు నుంచి ప్రెస్సు దాకా ఇంచుమించు పరుగెత్తాను. కొత్త వెర్షన్‌లో అక్షరాలను విల్లులా వంచవచ్చట. బోరంచ నల్లపోచమ్మ జాతర పోస్టర్ మీద అమ్మవారి పేరు బొమ్మ చుట్టూ వంపు తిరిగి రావాలని ఎన్నాళ్లనుంచో నా కోరిక.

ఫ్లాపీలతో పాటు ఒక ఇంగ్లిషు కాగితం ఉంది. పేజీ నిండా కొత్త సదుపాయాల గొప్పలే. అడుగున ఒకే ఒక్క వాక్యం, సెట్టింగుల ఫైలు మారింది, తగినట్టు సరిచేసుకోండి అని. ఏం మారిందో, ఎలా సరిచేసుకోవాలో ఒక్క ముక్క లేదు.

సాఫ్ట్‌వేర్ ఎక్కించి ‘పెళ్లిపత్రిక’ అని కొట్టాను. తెర మీద ఏవేవో గుణింతాలు, ఒత్తులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వదిన వెనక నుంచి తొంగి చూసింది.

“గిదేంది, కన్నడమా?”

“కన్నడమైనా చదివేటోళ్లుంటరు వదినా. గిది ఎవ్వరికి రాదు.”

ప్రింటు తీస్తే ఇంకో చిత్రం. అక్షరాలు కాగితం అంచుకు పోయి సగం తెగిపోయాయి.

పాత సెట్టింగుల ఫైలునీ, కొత్త వెర్షన్‌తో వచ్చిన నమూనా ఫైలునీ కాగితాల మీద చేత్తో ఎత్తి రాసుకుని బల్ల మీద పక్కపక్కన పరిచాను. స్కేలు అడ్డం పెట్టి ఒక్కో వరుసా పోల్చుకుంటూ పోయాను. కీబోర్డు అన్న వరుస దగ్గర స్కేలు ఆపాను. మేం కొట్టే టైపురైటర్ మీటల పద్ధతికి పాత ఫైలులో రెండు అన్న అంకె ఉండేది. కొత్తదానిలో రెండు అంటే వేరే పద్ధతి, టైపురైటర్‌కు ఒకటి పెట్టాలి. అంచుల కొలత పాతదానిలో అంగుళాలు, కొత్తదానిలో మిల్లీమీటర్లు. ఒక అంగుళం వదలమని మేం పెట్టుకున్నది ఒక మిల్లీమీటరు అయి కూర్చుంది. రెండూ మార్చి మళ్లీ కొట్టాను. ‘పెళ్లిపత్రిక’ ముత్యంలా వచ్చింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, ఎందుకు లేచానో నాకే తెలియదు.

ఆ ఊపులోనే జహీరాబాద్‌కు ఫోన్ చేశాను. నాతో కోర్సు చేసిన స్నేహితురాలు అక్కడ ఒక ప్రెస్సులో పనిచేసేది. ఆమెకూ అవే ఫ్లాపీలు వచ్చాయి.

“ఎక్కియ్యలేదే. గా కాగితం చూస్తెనే పరేషాన్ అయితుంది. ఏం చెయ్యాల్నో తెలుగుల రాసి పంపు,” అంది.

కూర్చుని రాశాను. చాలా బాగా రాశాననుకున్నాను. కంప్యూటర్‌లో పాత ఫైలు మళ్లీ పెట్టి, కాగితం వదినకు ఇచ్చి, చదువుతూ చదివినట్టే చెయ్యమన్నాను.

“నాకెందుకు తల్లీ. ఖరాబైతే మీ అన్న నన్నంటడు.”

“ఖరాబ్ కాదు. పాత ఫైలు ఇంకో ఫ్లాపీల దాచిపెట్టిన.”

“మరి గా ముచ్చట కాగితంల లేదు కదా. జహీరాబాద్ పిల్లకు ఎట్ల తెలుస్తది?”

కాగితం లాక్కుని, అన్నిటికంటే పైన ఆ మాట చేర్చాను. వదిన చెంగుతో చేతులు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. నేను నోరు మెదపకూడదని మాట. ‘పాత సెట్టింగుల ఫైలు తీయండి’ అన్నచోట ఆమె వేలు మెల్లగా, నేను తప్పులు చెరిపే డిలీట్ మీట మీదికి పోయింది.

“ఆగాగు, ఏం చేస్తున్నవ్?”

“నువ్వే తీయమంటివి. తీసేస్తున్న.”

నాకు తీయడమంటే తెరవడం. ఆమెకు తీయడమంటే ఊడబెరకడం. రెండూ మనం రోజూ అనే మాటలే. తలుపు తీస్తాం, మరక తీస్తాం. ఇంగ్లిషు కాగితాన్ని అంత తిట్టుకున్నదాన్ని, నా తెలుగులోనే ఇంత గొయ్యి ఉందని చూసి నవ్వాగలేదు. ‘తీయండి’ని కొట్టేసి ‘తెరవండి, దేన్నీ చెరపకండి’ అని రాశాను.

ఇక వదినకు హుషారొచ్చింది. ప్రూఫు చూసినట్టే చూడసాగింది.

“మిల్లీమీటరంటే ఎంత?”

స్కేలు మీద చిన్న గీతలని రాశాను. ఒక అంగుళం ఉన్నచోట ఇరవై అయిదు వెయ్యాలని కూడా రాశాను.

“అంతా అయినంక మంచిగైందని ఎట్ల ఎరుక?”

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. ‘పెళ్లిపత్రిక’ అని కొట్టి చూడండి, ళ కింద ఒత్తు సరిగ్గా కూర్చుంటే అయినట్టే, లేకుంటే దాచిన ఫైలు తిరిగి పెట్టండి, మొదటికొస్తారు అని కలిపాను. ఆమె ఆగిన ప్రతిచోటా ఒక మాట మారింది. మధ్యాహ్నానికి వదిన నన్నేమీ అడగకుండా మొదటి నుంచి చివరి దాకా చేసేసింది. తెర మీద అక్షరాలు చూసి, “గింతేనా,” అంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

కాగితం శుభ్రంగా టైపు చేసి జహీరాబాద్ పంపాను. మర్నాడు ఫోన్ మోగితే, ఏ వరుస దగ్గర ఇరుక్కుందోనని గబగబా ఎత్తాను.

“ఏడ ఆగినవ్?”

“ఏడా ఆగలె. ఎట్ల రాసినవో గట్ల చేసిన, అయింది,” అంది స్నేహితురాలు. తర్వాత వాళ్ల ప్రెస్సులో వంచిన మొదటి అక్షరాల గురించి ఆపకుండా చెప్పుకుపోయింది.

ఆమె దగ్గర చూసి డీలరు మా కాగితం అడిగాడు. అప్పట్నుంచి ఫ్లాపీలతో పాటు అదే అందరికీ పంపసాగాడు. ఆ మరుసటి వెర్షన్ మాకే ముందు పంపి, ఏం మారిందో రాసివ్వమన్నాడు. కవరు చింపి నేను కాగితమూ పెన్నూ అందుకునేలోపే వదిన వాటిని తనవైపు లాక్కుంది.

“ఈసారి నేను రాస్త. నువ్వు కూసొని చెయ్యి. నోరు మెదపొద్దు.”