టేకు బల్ల మీద తడి

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఖాళీగా ఉన్న చోట అవి చేరతాయంటారు. ఏడో తరగతిలో మా సారు నా తలలో ఏమీ లేదని తేల్చి ఇంటికి పంపాడు. అంత ఖాళీ జాగా ఇన్నేళ్లుగా పడి ఉన్నా ఒక్క దయ్యమూ వచ్చి దిగలేదంటే, అవి లేవనే కదా అర్థం? ఇప్పటికీ ఉన్నాయని నేననను. జరిగింది మాత్రం చెబుతాను.

సిరొంచలో నాకు చెప్పుల దుకాణం ఉంది. ఒకప్పుడు అది మా అన్నదమ్ములిద్దరిదీ. మా అన్న శంకరయ్య లెక్కలు చూసేవాడు, నేను మాటలు చెప్పి అమ్మేవాణ్ని. సాయంత్రం అహేరి బస్సు వెళ్లిపోయాక బజారు ఖాళీ అవుతుంది. ఆ వేళకు ఇద్దరం ఇంటికొచ్చి చాయ్ తాగేవాళ్లం. ఎవరి గ్లాసు వాళ్ల బల్ల మీద.

ఆ బల్లల సంగతి చెప్పాలి. మా బాపు వడ్రంగి. అల్లపల్లి నుంచి తెచ్చిన టేకు పలక ఒకదాన్ని మందంలో రెండుగా కోసి, మాకు చెరొక చిన్న బల్ల చేశాడు. పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పెడితే ఒకదాని మీది గీతలు రెండోదాని మీదికి సాగిపోతాయి. నాదాంట్లో ఎడమవైపు అంచున ఒక నల్లటి ముడి ఉంది. అన్నదాంట్లో అదే ముడి కుడివైపు ఉంటుంది.

బాపు పోయాక పంపకాలయ్యాయి. నాకు ఇల్లు, దుకాణం. అన్నకు అంకిసలో పొలం, దాని పక్కనే ఇల్లు. గరిటెల దాకా పంచుకున్నాక ఈ బల్లలు మిగిలాయి. "జోడీ ఇడగొట్టకుండ్రి, ఎవలో ఒకలు తీస్కపోండ్రి" అని పెద్దమనుషులు బతిమాలారు. ఇద్దరం వినలేదు. నాది నాకు, నీది నీకు. అన్న తన బల్లను భుజాన వేసుకుని వెనక్కి చూడకుండా వెళ్లాడు. ఆ తర్వాత మాటల్లేవు.

పోయిన ఏడాది ముందుగది బాగు చేయించి సోఫా కొన్నాం. ఇంట్లో కొత్తగా ఏదైనా జరిగితే పెద్దవాణ్ని పిలవాలి కదా, అంకిస వెళ్లాను. వదిన గడపలోనే నిలబడి "పండుకున్నడు" అంది. లోపల నుంచి అన్న దగ్గు వినబడింది.

"లేపకు వదినా, కలల నాతోనే కొట్లాడుతుండచ్చు, కానియ్యి" అన్నాను. ఆమె నవ్వలేదు. మంచినీళ్లు కూడా అడగకుండా తిరిగొచ్చాను. పిలిచింది నేను, మొహం చాటేసింది ఆయన. ఇక ఆ గడప తొక్కేది లేదనుకున్నాను. రావాలనుంటే ఆయనే వస్తాడు.

సోఫాకు రెండు వైపులా చిన్న బల్లలు కావాలని మా ఆవిడ సరోజ పట్టుబట్టింది. రషీద్ భాయ్ దుకాణానికి వెళ్లాం. ఆయన దగ్గర రెండు రకాలూ ఉంటాయి. పాత ఇళ్లలోంచి వచ్చిన టేకు సామానుకు పాలిష్ పెట్టి అమ్ముతాడు, నాగపూర్ నుంచి కొత్త డిజైన్లు తెప్పిస్తాడు. సరోజకు సన్నటి బంగారు రంగు కాళ్లతో అద్దం బల్లలు నచ్చాయి. తుడిస్తే చాలు, మెరుస్తాయంది. నేను బాపు చేసిన బల్ల ఉందిగా అన్నాను.

"ఎత్తు సోఫా చేతికి సమానం ఉండాలె సదయ్య భాయ్. గ్లాస్ పెడితే చెయ్యి దింపాల్సిన పని ఉండొద్దు. గంతే, పాతదైనా కొత్తదైనా" అన్నాడు రషీద్ భాయ్. "గని, జోడీ లేని బల్ల జర ఎడ్డిగ కనబడ్తది. దాని జోడీ ఏది?"

అంకిసలో పండుకుందని చెప్పాను.

చివరికి ఒకవైపు సరోజ అద్దం బల్ల, ఇంకోవైపు నా టేకు బల్ల. ఎత్తు సరిపోయింది. మిగతా ఏదీ సరిపోలేదు. చూసినవాళ్లు నవ్వితే "అది ఆవిడ, ఇది నేను" అని చెప్పేవాణ్ని.

ఆ తర్వాతే ఇది మొదలైంది. ఒక సాయంత్రం బజారు నుంచి ఇంటికొస్తే టేకు బల్ల మీద తడి కనబడింది. గ్లాసు అడుగున ఉండే గుండ్రటి తడి, ఎడమవైపు, ముడి పక్కనే. చీమలు పట్టాయి. సరోజ తాగి పెట్టిందనుకుని తుడిచేశాను. ఆమె నేను పెట్టాననుకుంది. మర్నాడు మళ్లీ అదే వేళకు, అక్కడే.

పైకప్పు చూశాను, పొడిగా ఉంది. పైగా నీళ్లకు చీమలెందుకు వస్తాయి? వేలితో తాకి వాసన చూశాను. చాయ్. అల్లం వేసిన చాయ్. కడుపులో మంట వస్తోందని మా ఇంట్లో అల్లం మానేసి చాలా రోజులైంది.

సరోజ పుట్టింటికి వెళ్లిన వారం, తలుపుకు నేనే తాళం వేసి దుకాణానికి వెళ్లేవాణ్ని. తాళం వేసినట్టే ఉండేది, బల్ల తడిగా ఉండేది. ఒకరోజు బల్ల మీద వార్తాపత్రిక పరిచి, కదలకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టి వెళ్లాను. వచ్చి చూస్తే కాగితం పైన పొడిగా ఉంది. ఎత్తితే కింద చెక్క మీద అదే గుండ్రటి తడి. కాగితం అడుగున దాని అచ్చు పడింది.

బల్లను సోఫా అటువైపుకు మార్చి చూశాను. తడి బల్లతో పాటే వెళ్లింది. అద్దం బల్ల మీద ఒక్కరోజూ ఏమీ లేదు. "నీ బల్లకు చాయ్ అలవాటైంది, నీ తీరుగనే" అని సరోజ నవ్వింది గానీ, ఆ తర్వాత ముందుగదిలో ఒక్కతే కూర్చోవడం మానేసింది.

వర్షాలు తగ్గుతున్న రోజుల్లో ఒక సాయంత్రం వచ్చి చూస్తే బల్ల పొడిగా ఉంది. తుడిచావా అని సరోజను అడిగాను, లేదంది. పీడ పోయిందని ఆమె సంతోషపడింది. నేను మాత్రం తడి ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. ఎందుకో నాకే తెలియదు.

అంతలో అంకిస నుంచి ఫోన్ వచ్చింది. బస్సు పోయే వేళకు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే అన్న పోయాడు.

దినాలు అయ్యేదాకా ఆ ఇంట్లో నేను తల ఎత్తి ఏదీ చూడలేదు. చుట్టాలంతా వెళ్లిపోయాక, అన్న కుర్చీ పక్కన బల్ల కనబడింది. కుడివైపు ముడి. ముడి పక్కనే గుండ్రటి మరక. ఒక్క రోజుది కాదు, దాని మీద అదే పడీ పడీ చెక్క నల్లబడింది.

నేను చూస్తున్నది వదిన గమనించింది. అడగకుండానే చెప్పింది.

"నువ్వచ్చి పోయిన కాన్నుంచి, బస్సు పోయే యాళ్లకు రెండు చాయ్‌లు పెట్టుమంటుండె. ఒకటి ఆయనకు, ఒకటి ఆ బల్ల మీద. తమ్ముడు దుకాణం కట్టేసి వచ్చే యాళ్లయింది అంటుండె. ఆయనకు అల్లం పడది. నీ గ్లాసుల మాత్రం ఏయమంటుండె. చల్లారినంక నేనే పారబోస్తుంటి. ఫోన్ చెయ్యరాదా అంటే, వానికి తొవ్వ తెల్వదా అంటుండె."

అన్న ఎదురుచూశాడు, అది అర్థమైంది. రమ్మని ఒక్క మాట అనలేదు, అదీ అర్థమైంది. అక్కడ పోసిన చాయ్ తడి ఇక్కడ నా బల్ల మీదికి, కాగితం కిందికి ఎలా వచ్చిందో మాత్రం ఈరోజుకీ తెలియదు. రషీద్ భాయ్‌ని అడిగితే, ఒకే పలక కదా, చెక్క తేమను పీల్చుకుంటుంది అన్నాడు. సిరొంచకూ అంకిసకూ మధ్య ఉన్నంత దూరం పీల్చుకుంటుందా అంటే తల అడ్డంగా ఊపాడు. ఆ సాయంత్రం తర్వాత నా బల్ల మళ్లీ తడవలేదు.

కొన్నాళ్లకు సరోజే తన అద్దం బల్లను తీసి లోపలి గదిలో పెట్టింది. ఆ పక్క ఖాళీ అయింది. జోడీ తెచ్చుకుందామని టెంపో మాట్లాడుకుని అంకిస వెళ్లాను. వదిన వాకిట్లో వడ్లు ఆరబోస్తోంది. ఎలా అడగాలో తోచక, నాకు వచ్చిన ఒకే విద్య వాడాను.

"వదినా, జోడీ లేక నా బల్లకు నిద్ర వడ్తలేదు. అన్న బల్లను నా ఎంట పంపరాదా" అన్నాను.

ఆమె వడ్లు పలచగా పరుస్తూనే, తల ఎత్తకుండా అంది:

"అన్ని దినాలు చాయ్ పెడితే రాలే గని, బల్లకైతే బండి కట్టుకొనొచ్చినవా సదయ్యా?"