గుర్తింపు వరుసలో రాజవ్వ

1988 వేసవి. నేను సిరిసిల్లలో మున్సిఫ్ మేజిస్ట్రేటుగా చేరి ఏడాది కాలేదు. కోరుట్ల దగ్గరి ఓ పల్లెలో మాజీ సర్పంచ్‌ని నక్సలైట్ దళం వాళ్లు ఇంటి వాకిట్లోనే కాల్చి చంపారు. కళ్లారా చూసింది ఆయన భార్య రాజవ్వ ఒక్కతే. నెల తిరక్కుండా పోలీసులు శ్రీనివాస్ అనే మరమగ్గాల కార్మికుణ్ని పట్టుకున్నారు.

కేసు జగిత్యాల కోర్టుది. ఐడెంటిఫికేషన్ పరేడ్ మాత్రం వేరే కోర్టు మేజిస్ట్రేటు జరపాలని నన్ను జరపమన్నారు. నిందితుణ్ని అదే వయసు, అదే పోలిక ఉన్నవాళ్ల మధ్య నిలబెట్టి సాక్షి గుర్తుపడుతుందేమో చూడటమే పరేడ్. పోలీసులు దగ్గర ఉండకూడదు. అందుకే వాళ్ల జీపు వద్దని ఆర్టీసీ బస్సెక్కాను.

జగిత్యాల సబ్‌జైలు గేటు దగ్గర ఇన్‌స్పెక్టర్ ఎదురొచ్చాడు.

"ఆమె చెయ్యి చూపిస్తే చాలు సార్. మిగతాది మేం చూసుకుంటం."

ఆయన్ని గేటు బయటే ఉండమన్నాను.

లోపల తొమ్మిదిమందిని వరుసగా నిలబెట్టాం. శ్రీనివాస్‌ను ఇష్టమైన చోట నిలబడమన్నాను, కావాలంటే అంగీ మార్చుకోమన్నాను. అంగీ మార్చుకోకుండానే వెళ్లి ఐదోవాడిగా నిలబడ్డాడు.

"యాడ నిలబడితే ఏంది సారూ, నేను గా ఊరు సుత చూడలే" అన్నాడు.

రాజవ్వను పిలిపించాను. మెల్లగా నడుస్తూ శ్రీనివాస్ ఎదుట ఆగింది. అతను కళ్లు మూసుకున్నాడు. ఆమె కదిలి, వరుసంతా మళ్లీ చూసి, నా బల్ల దగ్గరికొచ్చి తల అడ్డంగా ఊపింది.

దళానికి భయపడిందనుకున్నాను. ఆ రోజుల్లో చాలామంది సాక్షులు అట్లాగే వెనక్కి తగ్గేవారు. 'సాక్షి గుర్తుపట్టలేదు' అని ఒక్క ముక్క రాసి సంతకం చెయ్యబోతుంటే, ఆమె కాగితం మీద చెయ్యి పెట్టింది.

"గంతేనా రాసేది? పోలీసాయన మా ఇంటికొచ్చి ఫోటో చూపెట్టిండు. గా ఫోటోల ఉన్న పిలగాడు వరుసల ఐదోటోడు. నా పెనిమిటిని కాల్చింది గీ పిలగాడు గాదు. వాని మొకం నాకు యాదికున్నది."

"పరేడ్‌కి ముందు ఫోటో చూపెట్టడం పోలీసుల తప్పు. ఇది రాస్తే వాళ్లతో నీకే ఇబ్బంది అవుతుందమ్మా."

"ఎవలనో ఒకన్ని చూపెట్టుమని మా ఇంటి పాలోళ్లు గూడ అన్నరు. నాకు దొరికినోడు వద్దు సారూ, చంపినోడు గావాలె. రాయుండ్రి."

ఆమె చెప్పింది చెప్పినట్టే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకున్నాను.

ముందే బయటికెళ్లిన రాజవ్వను అడిగి తెలుసుకున్నట్టున్నాడు, గేటు బయట ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. "ఫోటో ముచ్చట తీసెయ్యండి సార్. మీరు రోజూ ఈ రోడ్ల మీదనే తిరగాలె."

సీలు వేసిన కవరు చంకన పెట్టుకుని బస్టాండుకు నడిచాను. వెనక్కి తిరిగి చూడాలంటే భయమేసింది. చూడలేదు.

వట్టి 'గుర్తుపట్టలేదు' అని ఉంటే సాక్షి భయపడిందని చెప్పి పోలీసులు అతన్ని వదిలేవారు కాదు; 'వీడు కాదు' అన్న ఆమె మాటతో శ్రీనివాస్ విడుదలయ్యాడు. చంపినవాళ్లు దొరకలేదు. రాజవ్వ కోరుకున్న విచారణ జరగనే లేదు.

జిల్లా జడ్జిగా రిటైరయ్యేదాకా ఏ సాక్షినీ "ఇంకేమైనా చెప్పాలా?" అని అడక్కుండా పంపలేదు. అడిగాక జవాబొచ్చేదాకా కలం ఎత్తి కూర్చునేవాణ్ని. జగిత్యాలలో ఆ పూట నేను అడగలేదు. ఆమె చెయ్యి అడ్డం పెట్టబట్టి ఒక మనిషి బతికాడు.