రాసినవారు పెండ్రా రోడ్‌లో దిగలేదు

సోమవారం పొద్దున్న మన తెలుగు అసోసియేషన్ ఫోన్ గ్రూపులో "మాస్టారు పోయారు" అని వచ్చింది. దాని కింద దండం పెట్టే చేతుల బొమ్మలు బారులు తీరాయి. ఆయన బతికుండగా ఆ చేతుల్లో ఒక్కటీ ఆయన గేటు గడియ తీసి ఎరగదు. ఆదివారం సంతాప సభలో మన కార్యదర్శి ఆయన్ని పర్యాటక రంగానికి దీపస్తంభం అన్నాడు. ఇదే మనిషి, "రైలు టైములు సెప్పుకున్నోడికి టూరిజం క్లాసులేటి?" అని నా ఎదుటే పగలబడి నవ్వాడు. నన్ను మాట్లాడమని ఎవరూ పిలవలేదు. మంచిదే అయింది. ఆ వేదిక ఎక్కితే నేనూ అబద్ధాలే చెప్పేవాణ్ని. నాకూ ఆయనంటే పడేది కాదు.

మాస్టారు రైల్వే ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చుని రిటైరయ్యారు. తర్వాత మన దయాల్‌బంద్ పేటలో, మా పక్కింటి ముందుగదిలో, కాలేజీలో టూరిజం చదివే పిల్లలకు పాఠాలు చెప్పేవారు. పుస్తకం అంత తొందరగా తెరిచేవారు కాదు. ముందు పిల్లల్ని స్టేషనుకు తీసుకెళ్లి, బండి దిగేవాళ్ల మొహాలు చూసి రమ్మనేవారు. ఆయన పాఠమంతా మా ఇంట్లోకి వినబడేది.

"ప్యాసింజరు ముందడిగేది గుడెక్కడని కాదమ్మా, దొడ్డికెక్కడికెళ్లాలని. అది తెలీకపోతే నీ సదువు దండగ."

ఆడపిల్లల ముందు ఇంత మొరటు మాటా అని కిటికీ మూసేసేవాణ్ని. ఉక్క పోస్తే మళ్లీ తెరిచేవాణ్ని.

మా మనవరాలు ఆయన శిష్యురాలు. అమర్‌కంటక్ యాత్ర మీద దానికి ప్రాజెక్టు ఇచ్చారు. ఇంటి నిండా పుస్తకాలున్న తాతను, ఊరుకుంటానా? పురాణాలూ శాసనాలూ గుప్పించి పదకొండు పేజీలు నేనే రాసిచ్చాను. మొదటి పేజీ మీద ఎర్ర పెన్సిల్‌తో ఒకే వాక్యం తిరిగొచ్చింది: "రాసినవారు పెండ్రా రోడ్‌లో దిగలేదు." అమర్‌కంటక్ వెళ్లేవాళ్లు రైలు దిగేది ఆ స్టేషన్లోనే.

పోట్లాటకి వెళ్లాను. "ఏటండీ ఇందులో తప్పు? ఏ రాజు ఏ గుడి కట్టాడో అన్నీ ఉన్నాయి కదా."

"రాజులున్నారు బాబూ. మోకాళ్ల నొప్పులున్నోళ్లు ఎక్కడ కూకోవాలో నేదు." తర్వాత మెల్లిగా అడిగారు, "తవరెప్పుడైనా ఎళ్లారేటి?"

వెళ్లలేదు. అటు వెళ్లే కట్నీ లైన్లో, మన పక్కనే ఉన్న కోటా స్టేషను దాటి ఎరగను. సర్వీసంతా రైల్వే ఏటేటా పాసులిచ్చింది. దేశంలో ఎక్కడికైనా పొమ్మంది. నేను ప్రతి పాసు మీదా బొబ్బిలి అనే రాయించాను. నేనే కాదు, దీపస్తంభం అన్న కార్యదర్శి గారితో సహా మనమందరం అంతే. సొంతూరు వెళ్లడం, చుట్టాలతో తగువు పడటం, తిరిగి రావడం.

ఆయన చివరి పరీక్ష విచిత్రమైనది. పిల్లలు తమకు తెలిసినవాళ్లలో అందరికన్నా మొండి ప్యాసింజరుని ఒకరోజు తిప్పి తీసుకురావాలి. అతని ఫిర్యాదులు రాయించుకుని తేవాలి. "మెచ్చుకోలు నాకొద్దు. మెచ్చుకున్నోడు కళ్లు మూసుకుని తిరిగినట్టే" అనేవారు. ఆ కాగితం అందాకే ఉద్యోగానికి ఉత్తరం రాసిస్తారు. రాయ్‌పూర్‌లో ఒక ట్రావెల్ ఆఫీసు వాళ్లు ఆ ఉత్తరం కోసమే చూస్తున్నారు.

"తాతా, సోచ్‌నే కీ బాతే నహీఁ. ఆలోచించేదేముంది, నువ్వే!" అంది మనవరాలు.

దాన్ని ఫెయిల్ చేయించాలనే దానితో అమర్‌కంటక్ వెళ్లాను. తిరిగొచ్చేసరికి మాస్టారు మన స్టేషను ప్లాట్‌ఫారం మీద తడిసిన గొడుగుతో నిలబడి ఉన్నారు.

"సెప్పండి బాబూ, ఏటి బాగోలేదు?"

"రాసిస్తాను" అని పక్కనుంచి వచ్చేశాను. మూడు వారాలు రాయలేదు. ఆ ఎర్ర వాక్యానికి ఇదే నా జవాబు అనుకున్నాను. "వాళ్లు ఇంకెన్నాళ్లు ఆగుతారు తాతా?" అని మనవరాలు అడిగినప్పుడల్లా, "రాస్తున్నా" అన్నాను. ఆ తర్వాత ఆ సోమవారం వచ్చింది.

నిన్న మాస్టారి భార్య ప్రహరీ మీంచి నాకో కవరు అందించింది. మనవరాలి ఉద్యోగానికి ఆయన రాసిన ఉత్తరం. సంతకం కూడా అయిపోయింది. మధ్యలో "ప్రయాణికుడి ఫిర్యాదులు" అని రాసి, కింద అర పేజీ ఖాళీ.

"మీకోసమే ఒగ్గేసినారు బాబూ. పక్కాయనకి సోటు సాలదు, ఎక్కువుంచాలి అన్నారు" అందావిడ.

కూర్చుని నింపాను. జీపు ఒళ్లు హూనం చేసింది. టీలో చక్కెర ఎక్కువైంది. మూడోది రాయడానికి ఒక పూట పట్టింది. లోయ అంచున, రేకు కప్పు కింద, వానకు తడవని ఒక పిట్టగోడ ఉంది. సరిగ్గా నా మోకాలి ఎత్తు. అంతకు ముందు వారమే పిల్ల ఒక్కతీ వెళ్లి వెతికి పెట్టుకుందట. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ గోడ లేదు. నన్ను దాని మీద కూర్చోబెట్టింది. కింద గుగ్గిలం చెట్ల మీంచి మబ్బు మెల్లిగా లేస్తోంది. సగమైనా లేవకముందే, బండి వేళయిందని నన్ను లేపేసింది.