మేనమామ మోయాల్సిన బుట్ట

నిన్న తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర ఒకాయన కారులోంచి బియ్యం మూట దించి భుజాన వేసుకుంటుంటే నాకు నవ్వు ఆగలేదు. పాపం, ఆయన నన్నేమనుకున్నాడో! నాకు మాత్రం మా తమ్ముడు గుర్తొచ్చాడు.

వాడు హఫీజ్‌పేట్‌లో ఒంటరిగా ఉండేవాడు. కంపెనీ పని ఇంట్లోనే. మొదట్లో హాయిగా ఉందన్నాడు. తర్వాత పండగలకు రావడం మానేశాడు, ఆపైన ఫోను ఎత్తడం. "ఏదైనా ఉంటే మెసేజ్ పెట్టక్కా" అని మెసేజే పెట్టేవాడు. అన్నం, ఉప్పు, చొక్కా అన్నీ గుమ్మంలోకే వచ్చేవి. ఏళ్ళ తరబడి అలా గడిచేసరికి పగలు నిద్ర, రాత్రి మెలకువ, ఆకలి లేదు, నడుం నొప్పి. నేను వెళ్ళి కూర్చుంటే నాలుగు మాటలకే వాడి గొంతు బొంగురుపోయేది. ఒకప్పుడు వాడు నవ్వితే వీధంతా వినిపించేది. తిట్టాను, బతిమాలాను, లాభం లేకపోయింది. వాణ్ణి పోగొట్టుకుంటానేమోనని నిజంగా భయం పట్టుకుంది.

ఇంతలో మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. మా వైపు పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామే మండపానికి మోసుకురావాలి. వెనకవైపు పట్టడానికి మావాళ్ళు బోలెడుమంది ఉన్నారు, ముందువైపు మాత్రం మేనమామదే. వీడేమో లైవ్‌లో చూస్తానన్నాడు. మా అమ్మాయి నాకంటే గడుసుది. తిన్నగా వెళ్ళి తలుపు తట్టింది. "నువ్వు రాకపోతే నడిచే వస్తాను మామయ్యా. కానీ ఖాళీ బుట్ట మండపం పక్కనే పెట్టిస్తా. అడిగినవాళ్ళకి నువ్వే జవాబు చెప్పుకో" అంది.

మర్నాడు వాడు బలం చూసుకుందామని బియ్యం మూట ఎత్తబోయి సోఫాలో కూలబడ్డాడట. దాంతో పంతం వచ్చింది. మూటను బట్టల టబ్బులో పెట్టి వరండాలో మోస్తూ తిరుగుతుంటే వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "ఏంది సార్, ఇల్లు ఖాళీ చేస్తున్రా?" సంగతి విని, "గట్లనా! ఫికర్ జెయ్యకున్రి, ఇంకో దిక్కు నేను పట్టుకుంట" అన్నాడు. ఆ చప్పుడుకి ఎదురింటావిడ తలుపు తీసింది. "ఈ ఫ్లాట్‌లో మనుషులున్నారా అండీ!" అని బుగ్గలు నొక్కుకుంది. పెళ్ళి సంగతి తెలిశాక, మేనమామకి బలం రావాలంటూ రోజూ ఇడ్లీలు పంపింది.

పెళ్ళికి వచ్చాడు. సగం దూరం మోశాక ఆయాసంతో బుట్ట దించేశాడు. జనం గొల్లున నవ్వారు. ఇక వీడు మళ్ళీ ఇంట్లో దూరి తలుపేసుకుంటాడనుకున్నాను. వాడు చెమట తుడుచుకుని, "నువ్వు నాలుగు రోజులు తక్కువ తినుండాల్సింది తల్లీ" అని పెళ్ళికూతురితో అంటూ అందరికంటే పెద్దగా నవ్వాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. వాడు ఊపిరి తీసుకుని మళ్ళీ బుట్ట ఎత్తేలోగా, ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు ఒకటే గోల. వాడికోసం ఇన్నేళ్ళు ఆగినదాన్ని, ఇంకో నిమిషం ఆగలేనా?