మేస్త్రీకి తగిలిన దెబ్బలన్నీ

ఓడరేవులో మా దెబ్బలకు మా పేర్లు ఉండేవి కావు. రోజుకూలీలకు నంబర్లు లేవు. అందుకని ప్రథమచికిత్స గదిలో కాంపౌండరు "ఎవరి ముఠా?" అని అడిగి, కార్డు మీద మేస్త్రీ పేరు రాసుకుని కట్టు కట్టేవాడు. ఇనుపతాడు కింద నలిగి నా ఎడమచేతి వేళ్ళు రెండు పోయిన రోజు కూడా మేస్త్రీ పేరే రాశాడు.

ఆ చేత్తో ఓడలోకి దిగలేనని సేఫ్టీ ఆఫీసులో లైట్ డ్యూటీ వేశారు. కొన్నాళ్ళకు కొత్త ఆఫీసరు వచ్చాడు. పైనుంచి తనిఖీ ఉందట, బీరువాలో ఉన్న ప్రమాదాల కార్డులన్నీ సర్దమన్నాడు. ఒకే పేరు మీద ఎన్ని ఉన్నా ఒకటే ఉంచి మిగతావి చించెయ్యాలట.

"ఒక్కడికే కాలు విరిగి, తల పగిలి, వేళ్ళు కూడా పోతాయా? తెలివిలేక రాసిందే రాశారు" అన్నాడు.

"అవి వేరువేరు మనుషులవి సార్. ఈ వేళ్ళు నావి" అని చెయ్యి చాపాను.

చెయ్యి వంక చూడనైనా లేదు. "కార్డులో నీ పేరుందా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. కార్డు లేకపోతే లైట్ డ్యూటీ లేదు, మళ్ళీ ఓడలోకి దిగాల్సిందే. వెళ్ళి మేస్త్రీని తీసుకొచ్చాను. భీమిలి మనిషి, ఎవరికీ జంకడు.

"ఏటి బావా, ఇన్ని దెబ్బలు నాకెప్పుడు తగిలాయి?" అని కార్డులు చూసి నవ్వాడు. ఆఫీసరు వైపు తిరిగి, "బాబూ, ఇయ్యన్నీ నాకే తగిలుంటే నాను మీకాడికి నడిసొత్తానా? నలుగురు మోసుకొత్తారు గానీ!" అన్నాడు.

గదిలో అందరూ నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు.

మర్నాడు నా కార్డు ఒక్కటీ నా పేరుకు మార్చి బల్ల మీద పడేశాడు. "నీది నీకొచ్చింది కదా, ఇక నోరు మూసుకో. మిగతావి చించు."

కుక్కకు ఎముక విసిరినట్టు విసిరాడు. "చించను. చించాలంటే మీ చేత్తో చించుకోండి" అన్నాను. చించాడు, నా ఎదురుగానే. తనిఖీకి వచ్చినవాళ్ళు బీరువా తెరిచి చూసి, ఇంత శుభ్రమైన ఆఫీసు ఎక్కడా లేదని మెచ్చుకుని, బిస్కెట్లు తిని వెళ్ళారు.

కాలు విరిగినవాడు పద్మనాభం ఊరి నుంచి కర్ర పట్టుకుని వచ్చాడు, తనకూ లైట్ డ్యూటీ ఇవ్వమని. "నీ కార్డేదీ?" అన్నాడు ఆఫీసరు. చించిన చేత్తోనే బీరువా చూపించాడు. వాడు కుంటుకుంటూ వెనక్కి పోయాడు. నేను పైకి ఫిర్యాదు రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను, మళ్ళీ రాశాను.

ఆఫీసరుకు బదిలీ అయినప్పుడు సన్మానం పెట్టారు. దండల పళ్ళెం పట్టుకోమని నన్ను పిలిచారు.

"నాకు వేళ్ళు లేవు. నమ్మకపోతే కార్డు చూసుకోండి" అన్నాను.